ఉపగ్రహం కొలిచిన అల ఎత్తును బోయాతో సరిచూడటం: కృష్ణా డెల్టా తీరానికి ఒక పద్ధతి

నిజాంపట్నం హార్బరు నుంచి గానీ, మచిలీపట్నం గిలకలదిండి నుంచి గానీ వేటకు వెళ్లే పడవలకు అందే సముద్ర సూచనలను కంప్యూటర్ మోడళ్ల సాయంతో తయారు చేస్తారు. ఆ మోడళ్లను పరీక్షించడానికీ సరిదిద్దడానికీ వాడే కొలతల్లో ఉపగ్రహాలు ఇచ్చే అల ఎత్తులు ముఖ్యమైనవి. 1992లో టోపెక్స్ పోసైడాన్ ఉపగ్రహం పైకి వెళ్లిన నాటి నుంచి నడిసముద్రంలో ఈ కొలతలను ఎన్నోసార్లు సరిచూశారు. అక్కడ అవి బాగా నమ్మదగినవని తేలింది. ఒడ్డుకు ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపలికి వచ్చేసరికి మాత్రం ఆ నమ్మకాన్ని తీరం తీరానికీ విడిగా పరీక్షించుకోవలసి ఉంటుంది. మన చిన్న పడవలు తిరిగేది ఆ నీళ్లలోనే. సముద్రానికి 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయవాడలోనో, ఇంకాస్త దగ్గరగా ఉన్న గుంటూరులోనో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, ఉపగ్రహం ఇచ్చిన ఎత్తును బోయా (సముద్రంలో లంగరు వేసి తేలుతూ అలలను కొలిచే సాధనం) ఇచ్చిన ఎత్తుతో పోల్చి ఈ పరీక్ష చేయవచ్చు. దీన్ని ప్రాజెక్టుగా ఎంచుకునే ఇంజనీరింగ్, ఫిజిక్స్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, రెండు సాధనాలూ ఏమి కొలుస్తున్నాయో స్పష్టంగా తెలియాలి. ఆల్టిమీటర్ అనే రాడార్ నిట్టనిలువుగా కిందికి తరంగాలను పంపి, సముద్రం మీద తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వని ఆకారాన్ని నమోదు చేస్తుంది. నీరు నున్నగా ఉంటే ప్రతిధ్వని ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలలు ఉంటే ముందు శిఖరాల నుంచి, తరవాత లోయల నుంచి సంకేతం తిరిగి వస్తుంది కాబట్టి ఆ లేవడం నెమ్మదిస్తుంది. ఆ వాలును బట్టే అల ఎత్తును లెక్కిస్తారు. అలలు ఒక మీటరు ఉన్నప్పుడు ఈ కొలత సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పు గల నీటి వలయానికి చెందుతుంది, అలలు పెరిగితే ఆ వలయమూ పెరుగుతుంది. పైగా మనకు సాధారణంగా అందే సెకనుకొక విలువ ఉపగ్రహ మార్గం వెంట ఆరేడు కిలోమీటర్ల సగటు. బోయా కొలతకు ఈ విస్తీర్ణం లేదు. వేవ్‌రైడర్ వంటి బోయా ఒకే చోట లంగరు వేసి ఉండి, తాను పైకీ కిందికీ ఊగే త్వరణాన్ని కొలిచి, దాని నుంచి నీటిమట్టం కదలికను రాబట్టి, సాధారణంగా అరగంట రికార్డుకు ఒక విలువ ఇస్తుంది. అంటే ఒకటి విశాలమైన నీటిని క్షణకాలం చూస్తుంది, మరొకటి ఒకే బిందువును అరగంట సేపు చూస్తుంది. ఇద్దరూ ఇచ్చేది సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అనే ఒకే పరిమాణం. ఒక రికార్డులోని అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తుకు ఇది దాదాపు సమానం. అయినా రెండు సంఖ్యలూ అచ్చంగా కలవాలని ఆశించకూడదు.

ఎంత తేడాను సహజంగా భావించాలో మొదటే లెక్క వేసుకోవాలి. సగటున 8 సెకన్లకు ఒక అల వస్తే అరగంటలో బోయా కిందుగా పోయేవి 225 అలలే. ఆ 225 అలల నుంచి తీసిన అంచనాలో 5 శాతం వరకు అటూఇటూ ఊగడం యాదృచ్ఛికంగానే జరుగుతుంది. రెండు మీటర్ల సముద్రంలో అది 10 సెంటీమీటర్లు. బోయాను పరమసత్యంగా తీసుకుని, తేడా మొత్తాన్నీ ఉపగ్రహం ఖాతాలో రాసే అలవాటు చాలా నివేదికల్లో కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద లోపం అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని పులిచింతల దగ్గరి మట్టంతో పోల్చి స్కేలు తప్పు చూపిస్తోందనడం ఎలాంటిదో, చోటు, వేళ, లోతు చూడకుండా ఈ రెండు కొలతలను పోల్చి ఉపగ్రహాన్ని తప్పుపట్టడం అలాంటిదే.

లోతు సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. లోతైన నీటిలో అల పొడవు, మీటర్లలో, దాని ఆవర్తన కాలాన్ని సెకన్లలో తీసుకుని వర్గం చేసి 1.56తో గుణిస్తే వస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి బంగాళాఖాతంలోకి వచ్చే స్వెల్ అలకు (దూరపు గాలులకు పుట్టి ప్రయాణించి వచ్చే పొడవైన అల) 12 సెకన్ల కాలం అనుకుంటే దాని పొడవు సుమారు 225 మీటర్లు. అందులో సగం కన్నా లోతు తగ్గిన చోట, అంటే 112 మీటర్ల లోతు నుంచే, ఆ అల మీద అడుగుభాగం ప్రభావం మొదలవుతుంది. స్థానిక గాలికి లేచే 6 సెకన్ల అలకైతే పొడవు 56 మీటర్లు, అడుగు తగిలేది 28 మీటర్ల లోతులో. ఇప్పుడు బోయా తేలే చోట నీటి లోతు 20 మీటర్లు, ఉపగ్రహం కొలిచిన చోటు 150 మీటర్ల లోతు అనుకోండి. లోతు తగ్గడం వల్ల కలిగే మార్పును మాత్రమే లెక్కిస్తే 12 సెకన్ల అల బోయా దగ్గరికి వచ్చేసరికి దాదాపు 6 శాతం తగ్గుతుంది. అల ఒడ్డును సమీపించే కొద్దీ పెరుగుతుందన్నది నిజమే గానీ, ఆ పెరుగుదలకు ముందు ఇలా కొంత తగ్గే దశ ఒకటి ఉంది. అంటే ఉపగ్రహం 2 మీటర్లని సరిగ్గా చెప్పినా బోయా 1.89 మీటర్లని సరిగ్గానే చెబుతుంది. ఇది ఎవరి దోషమూ కాని 11 సెంటీమీటర్ల తేడా. అల దిశ మళ్లడం, అడుగు రాపిడి దీనికి అదనం. కాబట్టి డేటా దించుకోవడానికి ముందే ఆ ప్రాంతపు లోతుల పటం తీసి, బోయా స్థానాన్నీ ఉపగ్రహ మార్గాలనూ దాని మీద గుర్తించాలి. ఉచితంగా దొరికే జెబ్కో లోతుల డేటా దీనికి సరిపోతుంది.

ఇక డేటా. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) సంస్థ మన తీరంలో విశాఖపట్నం, కృష్ణపట్నం వంటి చోట్ల వేవ్‌రైడర్ బోయాలను నడిపింది. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) నడిసముద్రంలో బోయాలు లంగరు వేయించింది. కృష్ణా ముఖద్వారం ఉత్తరాన విశాఖకూ దక్షిణాన కృష్ణపట్నానికీ మధ్యన ఉంది గనుక, ఆ రెండు చోట్లా సరిచూసిన ఫలితాన్ని ఇక్కడికి అన్వయించేటప్పుడు తీరం ఆకారం, లోతు ఎలా మారుతున్నాయో చెప్పి తీరాలి. ఉపగ్రహాల్లో మనకు మొదట గుర్తుకు రావలసింది ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పంపిన సరళ్. దానిలోని ఆల్టికా అనే ఆల్టిమీటర్ 35.75 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేసి, తీరానికి దగ్గరగా కూడా మంచి కొలతలు ఇచ్చింది. వాన మేఘాలకు మాత్రం ఆ పౌనఃపున్యం తేలిగ్గా లొంగిపోతుంది. దీనికి జేసన్-3, సెంటినెల్-3ఎ, 3బి, సెంటినెల్-6 తోడవుతాయి. డేటా దించుకోవడానికి సరళ్‌కు మోస్డాక్, ఏవిసో, సెంటినెల్‌కు కోపర్నికస్ అనే ఆన్‌లైన్ సేవలు ఉన్నాయి.

ఎంత కాలపు డేటా కావాలన్న ప్రశ్నకు సమాధానం కక్ష్యలోనే ఉంది. జేసన్-3 ఒకే మార్గం మీదికి 9.9 రోజులకోసారి తిరిగి వచ్చేది, అంటే ఏడాదికి 36 సార్లు. సెంటినెల్-3కి 27 రోజులు, అంటే ఏడాదికి 13 సార్లు. వేసవి సెలవుల రెండు నెలల డేటాతో ప్రాజెక్టు పూర్తి చేయాలనుకునే విద్యార్థికి సెంటినెల్-3 ఒక్క మార్గం మీద దొరికేది రెండే జతలు (ఒక ఉపగ్రహ విలువ, దానికి సరిపోలే ఒక బోయా విలువ కలిస్తే ఒక జత). కనీసం రెండేళ్లు, వీలైనన్ని ఉపగ్రహాలు, నైరుతి ఈశాన్య రుతుపవనాలు రెండూ లోపల ఉండేటట్లు తీసుకోవాలి.

ఫైలు తెరిచాక మొట్టమొదట చూడవలసినవి సమయం, ఖాళీ విలువలు. ఉపగ్రహ ఫైళ్లలో సమయం సాధారణంగా 2000 జనవరి 1 అర్ధరాత్రి నుంచి సెకన్లలో, యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో) ఉంటుంది. బోయా పట్టిక మన భారత కాలమానంలో ఉండవచ్చు. అప్పుడు అయిదున్నర గంటలు తీసివేయాలి. దీన్ని నిర్ధారించుకోవడానికి తేలికైన మార్గం ఉంది: సెంటినెల్-3 మన తీరం మీదుగా ఎప్పుడూ ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లోనే పోతుంది గనుక యూటీసీలో అది నాలుగున్నర, పదహారున్నర దరిదాపుల్లో కనబడాలి. అలా కనబడకపోతే ఎక్కడో గడియారం పొరబడింది. ఆ తరవాత, బోయా పట్టికలో రాసిన సమయం అరగంట రికార్డు మొదలైన వేళా, మధ్యనా, ముగిసిన వేళా అని వివరణ పత్రంలో చూసి, అన్నిటినీ మధ్య సమయానికి మార్చాలి. ఖాళీ విలువల సంగతికి వస్తే, చాలా ఆల్టిమీటర్ ఫైళ్లలో అల ఎత్తును మిల్లీమీటర్లలో పూర్ణాంకంగా దాచి, కొలత లేని చోట 32767 అని ఉంచుతారు. ప్రోగ్రాము దాన్ని గుర్తించకపోతే గ్రాఫులో 32.767 మీటర్ల అల ప్రత్యక్షమవుతుంది. అది దొరికిపోయే తప్పే. సగటులో కలిసి దాక్కున్నప్పుడే ప్రమాదం. అందువల్ల సగటు తీయడానికి ముందే ప్రతి నెలకూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు అచ్చు వేసి కళ్లతో చూడాలి.

బోయా వైపు కూడా శుద్ధి అవసరం. గంటల తరబడి ఒకే విలువ మార్పు లేకుండా రావడం, అరగంటలో ఎత్తు రెట్టింపై మరు అరగంటలో తిరిగి పడిపోవడం, జీపీఎస్ స్థానం లంగరు వలయం దాటి జరగడం ఇవన్నీ అనుమాన చిహ్నాలు. పడవలు తాడు కట్టినా, వలలు చుట్టుకున్నా, నాచు, గుల్లలు పేరుకున్నా బోయా స్వేచ్ఛగా ఊగదు. అలాంటప్పుడు పొట్టి అలలు ముందుగా కొలతలో నుంచి తప్పుకుంటాయి. స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యపు అలల్లో ఎంత శక్తి ఉందో చూపే పట్టిక) దొరికితే పై పౌనఃపున్యాల్లో శక్తి నెలనెలా క్రమంగా తగ్గుతోందేమో గమనించడం మంచిది. బోయాను శుభ్రం చేసిన లేదా మార్చిన తేదీలు సంపాదించగలిగితే, ఆ తేదీలకు ముందూ వెనుకా తేడా ఎలా ఉందో విడిగా చూడాలి. ఆ తేదీల కోసం లేఖ రాసి అడగడానికి వెనుకాడకండి.

ఉపగ్రహ విలువల వడపోతే తీరంలో అసలైన కష్టం. నేల, లేదా పాటు వేళ బయటపడే బురదమేటల మీద నిలిచిన నున్నటి నీరు, ఆల్టిమీటర్ చూపులోకి వస్తే అక్కడి నుంచి వచ్చే బలమైన ప్రతిధ్వని అసలు ఆకారాన్ని చెడగొడుతుంది. హంసలదీవి, నాగాయలంక వైపు కృష్ణ పాయలు సముద్రంలో కలిసే చోట ఇలాంటి నీళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి ఫైలుతో వచ్చే నేల, వాన, నాణ్యత సూచికలు చూసి, ఆపైన మన పరీక్షలూ జోడించాలి: ఆ సెకనులో ఎన్ని చిన్న కొలతల సగటు తీశారు, వాటి మధ్య చెదురు ఎంత, ప్రతిధ్వని బలం ఉన్నట్టుండి పెరిగిందా, పక్క బిందువుతో పోలిస్తే ఎత్తు అసహజంగా దూకిందా. పొరుగు విలువల మధ్యగతం నుంచి చాలా దూరం పోయినవాటిని తీసివేయవచ్చు. అయితే ఎన్ని తీసివేశారో, ఒడ్డుకు ఎంత దూరంలో తీసివేశారో తప్పనిసరిగా నమోదు చేయాలి. ఒడ్డుకు 5 కిలోమీటర్ల లోపు సగానికి పైగా విలువలు వడపోతలోనే పోయి, మిగిలినవి బోయాతో చక్కగా కలిశాయంటే, ఉపగ్రహం అక్కడ బాగా పనిచేస్తోందని అర్థం కాదు.

తీరానికి ప్రత్యేకంగా మళ్లీ లెక్కించిన డేటాసెట్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఇవి ప్రతిధ్వనిలో నేల ప్రభావం తక్కువగా ఉండే ముందు భాగాన్నే ప్రధానంగా వాడుకుంటాయి, సెకనుకు 20 లేదా 40 కొలతలు ఇస్తాయి, అంటే 350 మీటర్లకో, 175 మీటర్లకో ఒకటి. ఆ చిక్కటి కొలతలు ఒక్కొక్కటిగా చాలా ఊగుతాయి. ఇరవై స్వతంత్ర కొలతల సగటు తీస్తే ఊగిసలాట సుమారు నాలుగున్నర వంతులు తగ్గుతుంది, కాబట్టి నేలకు దూరంగా ఉన్నవాటిని మాత్రమే ఏరుకుని సగటు తీయడం ఉత్తమం. మామూలు డేటాతోనూ, తీర డేటాతోనూ ఒకే పరీక్ష రెండుసార్లు చేసి చూపిస్తే ప్రాజెక్టుకు విలువ పెరుగుతుంది. పాస్ (ఉపగ్రహం ఆ చోటు మీదుగా ఒకసారి పోవడం) దిశను కూడా విడదీయండి: మన తీరంలో దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేవి నీటి మీది నుంచి నేల మీదికి వస్తాయి, ఉత్తరం నుంచి వచ్చేవి నేల దాటి నీటి మీదికి దిగుతాయి. రెండో రకంలో పాత ఉపగ్రహాలు నీటి ప్రతిధ్వనిని పట్టుకోవడానికి కొంత సమయం తీసుకునేవి. సెకనుకు ఏడు కిలోమీటర్లు పోయే ఉపగ్రహానికి రెండు సెకన్ల ఆలస్యమంటే 14 కిలోమీటర్ల తీరజలం పోయినట్టే.

ఇప్పుడు జతలు కట్టడం. నడిసముద్రంలో రెండు కొలతల మధ్య 50 కిలోమీటర్లు, 30 నిమిషాలు అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న హద్దు. కానీ అరగంటలో అలలు అంత దూరం పోవు. 12 సెకన్ల స్వెల్ శక్తి లోతు నీటిలో గంటకు సుమారు 34 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, అంటే అరగంటలో 17 కిలోమీటర్లు. గాలి అలలది అందులో సగం వేగం. తీరంలో దూరాన్ని 10 నుంచి 25 కిలోమీటర్లకు తగ్గించి, లోతు కూడా దగ్గరగా ఉండాలన్న షరతు పెట్టాలి. అయినా దూరం ఒక్కటే చూస్తే మన తీరం మోసం చేస్తుంది. దివిసీమ సముద్రంలోకి పొడుచుకుని వచ్చిన నేల. దాని పడమట నిజాంపట్నం అఖాతం ఉంది. అక్టోబరు తరవాత ఈశాన్యం నుంచి వచ్చే అలలకు ఆ నేల అడ్డుపడుతుంది గనుక అఖాతంలో నీరు నెమ్మదిగా ఉన్న రోజున దివిసీమ తూర్పున సముద్రం అలజడిగా ఉండవచ్చు. ఒక బిందువు అటు, మరొకటి ఇటు పడితే, సరళరేఖలో దగ్గరే అయినా అవి వేరువేరు సముద్రాలు. అందువల్ల బోయా చుట్టూ వృత్తం గీయడం కన్నా, ఒక అల మోడల్ రెండేళ్ల ఫలితాలు తీసుకుని, బోయా స్థానంతో పాటు ఏయే చోట్ల అల ఎత్తు ఒకే తీరున మారుతోందో, సగటు తేడా కూడా స్వల్పంగా ఉందో చూసి, ఆ ప్రాంతం నుంచే ఉపగ్రహ విలువలు ఏరుకోవడం మేలు. నేను సలహా ఇచ్చే ప్రతి విద్యార్థినీ ముందు ఈ పటం గీసి తెమ్మంటాను.

ఒక పాస్ నుంచి హద్దు లోపలికి వచ్చిన అయిదారు బిందువులను అయిదారు జతలుగా లెక్కపెట్టకూడదు. అవన్నీ ఒకే సముద్రాన్ని ఒకే నిమిషంలో చూసినవి. వాటి మధ్యగతం ఒక్కటి, దానికి ముందూ వెనుకా ఉన్న బోయా రికార్డుల నుంచి ఆ క్షణానికి సరిచేసిన విలువ ఒక్కటి, అదే ఒక జత.

జతలు చేతికి వచ్చాక ఉపగ్రహం నుంచి బోయాను తీసివేసిన సగటు తేడా, తేడాల వర్గమధ్యమ మూలం, దాన్ని బోయా సగటుతో భాగిస్తే వచ్చే చెదురు సూచిక, సహసంబంధం లెక్కించాలి. వీటిలో సహసంబంధం మీద అతిగా ఆధారపడవద్దని నా సలహా. జూన్‌లో సముద్రం పెద్దది, ఫిబ్రవరిలో చిన్నదన్న విషయం రెండు సాధనాలకూ తెలుసు. ఆ ఒక్క కారణంతోనే ఏడాది మొత్తానికి అది 0.9 దాటిపోవచ్చు. అదే లెక్క ఫిబ్రవరి, మార్చి నెలలకు పరిమితం చేస్తే బాగా పడిపోతుంది, తేడా మాత్రం సెంటీమీటర్లలో చిన్నదే ఉండవచ్చు. అందుచేత ఫలితాలను రుతువుల వారీగా, మీటరు లోపు, ఒకటి నుంచి రెండు, రెండుకు పైన అని ఎత్తుల వారీగా, ఒడ్డు దూరం వారీగా విడదీసి ఇవ్వాలి. ప్రతి సంఖ్య పక్కన జతల సంఖ్యా, బూట్‌స్ట్రాప్ పద్ధతితో (ఉన్న జతల నుంచే యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఏరి లెక్కించి) రాబట్టిన అనిశ్చితీ ఉండాలి.

మీటరు లోపు అలల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి, ఎందుకంటే వర్షాకాలం కాని రోజుల్లో మన తీరజలం తరచూ ఆ స్థితిలోనే ఉంటుంది. జేసన్ తరహా రాడార్ 320 మెగాహెర్ట్జ్ పౌనఃపున్య వెడల్పుతో ఎత్తును సుమారు 47 సెంటీమీటర్ల మెట్లలో చూస్తుంది; ఆల్టికాకు 500 మెగాహెర్ట్జ్ ఉండటం వల్ల మెట్టు 30 సెంటీమీటర్లు. ప్రతిధ్వని లేచే వాలు మొత్తం ఒకటి రెండు మెట్లలోనే ముగిసిపోయినప్పుడు 40, 60 సెంటీమీటర్ల అలల మధ్య తేడా చెప్పడం ఏ లెక్కకైనా కష్టమే. సెంటినెల్-3 సముద్రాన్ని సన్నని పట్టీలుగా చూసే పద్ధతి ఒడ్డు దగ్గర మేలు చేస్తుంది గానీ, ఆ పట్టీ వెడల్పు దాదాపు 300 మీటర్లు, మన స్వెల్ పొడవు 225 మీటర్లు అన్న సంగతి గుర్తుంటే, పొడవైన స్వెల్ ఉన్న రోజులను వేరుగా పరిశీలించవలసిన అవసరం అర్థమవుతుంది. మరొక విషయం: ఎప్పుడూ పది గంటలకే వచ్చే ఉపగ్రహం వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలికి లేచే అలలను ఎన్నడూ చూడదు. సెంటినెల్-3తో వచ్చిన ఫలితాన్ని ఆ వేళకు అన్వయించకండి. ఆ లోటు తీర్చడానికి వేళలు మారుతూ వచ్చే జేసన్-3, సెంటినెల్-6 కావాలి.

గ్రాఫు మీద గీత గీసేటప్పుడు మామూలు కనిష్ఠ వర్గాల పద్ధతి బోయాలో దోషమే లేదని భావిస్తుంది, దానివల్ల వాలు నిజానికన్నా తగ్గి కనబడుతుంది. రెండు వైపులా దోషాన్ని ఒప్పుకునే లంబ రేఖా పద్ధతి వాడాలి. మూడో మూలం కూడా ఉంటే త్రిముఖ పోలికతో మూడింటి దోషాలనూ విడివిడిగా అంచనా వేయవచ్చు. అయితే మూడూ ఒకదానికొకటి సంబంధం లేనివై ఉండాలి. ఎరా-5 పునర్విశ్లేషణలో (పాత కొలతలను మోడల్‌తో కలిపి మళ్లీ లెక్కించిన డేటాలో) ఆల్టిమీటర్ అల ఎత్తులను ముందే కలిపారు కాబట్టి దాన్ని స్వతంత్ర సాక్షిగా పిలవలేము. ఉపగ్రహ డేటాను కలపకుండా నడిపిన మోడల్ కావాలి. అలాగే కొన్ని డేటాసెట్లలో ఉపగ్రహ విలువలను బోయాలతో సరిచేసి ఇస్తారు. వాటిని మళ్లీ అవే బోయాలతో పోల్చి బాగా కలిశాయని రాయడంలో అర్థం లేదు.

తుఫాను రోజుల జతలను ప్రధాన గణాంకాల్లో కలపకండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ వంటి తుఫానులో కొద్ది కిలోమీటర్ల దూరంలోనే అల ఎత్తు వేగంగా మారుతుంది, భారీ వాన ఆల్టికా సంకేతాన్ని మింగేస్తుంది, బోయా లంగరు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒక్క అలాంటి జత మొత్తం వాలునే మార్చివేయగలదు. ఆ జతలను పారేయడమూ సరికాదు, ఎందుకంటే హెచ్చరికలకు అక్కరకు వచ్చేవి అవే. ఒక్కొక్కదానికి ఒక పుట కేటాయించి, పాస్ వెంట అల ఎత్తు, నాణ్యత సూచికలు, ఆ రోజంతటి బోయా రికార్డు, తుఫాను కేంద్రం నుంచి రెండింటి దూరం ఒకే పటంలో చూపించి, వడపోతలో పోయిన విలువలను కూడా వేరే రంగులో అలాగే ఉంచాలి.